"ఎముకల్లోకి అణుబాంబు" మెసేజ్‌కి నా జవాబు

గాజువాక, కూర్మన్నపాలెం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బోన్ స్కాన్ (మందు ఎక్కించి ఎముకల ఫొటో తీసే పరీక్ష) అంటే అణుబాంబు మందు ఒంట్లోకి ఎక్కించడమేనట, అది ఏళ్ల తరబడి ఎముకల్లో ఉండిపోతుందట, మిషన్ కింద పడుకుంటే ఇంకా రేడియేషన్ కొడుతుందట, పిల్లల్ని ముట్టుకోకూడదట, డాక్టర్ ఆ స్కాన్ రాశాడంటేనే క్యాన్సరట, మోకాలికి ఆ ఇంజెక్షన్ చేస్తే ఎముక కరిగిపోతుందట. ఎప్పుడో మోకాలు మార్పించుకుని మళ్లీ నొప్పితో బాధపడుతున్న మా వీధి పెద్దావిడ ఇది చదివి, స్కాన్‌కి వెళ్లనని మంచం పట్టుకు కూర్చుంది. నాకు మండిపోయింది.

బాంబుకి వాడేది యురేనియం, ప్లుటోనియం. స్కాన్‌కి ఇచ్చేది టెక్నీషియం-99ఎం అనే రేడియేషన్ పదార్థం, దాన్ని ఎముకకు పట్టే ఎండీపీ అనే మందుకి తగిలించి చేతి నరంలోకి ఎక్కిస్తారు. అది పేలేది కాదు.

ఏళ్ల తరబడి ఉండిపోవడం అసలు కుదరదు. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే సమయం, 6 గంటలే, కాబట్టి ఉదయం ఎక్కించింది తెల్లారేసరికి 16వ వంతుకి పడిపోతుంది, పైగా ఎముకకు పట్టని మందంతా మూత్రంలో పోతుంది కాబట్టి ఒంట్లో మిగిలేది ఇంకా తక్కువ. నీళ్లు బాగా తాగండి, ఆపుకోకుండా బాత్రూమ్‌కి వెళ్లండి అని చెప్పేది అందుకే. ఒంటికి తగిలే మొత్తం రేడియేషన్ దాదాపు 4 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్‌ని కొలిచే లెక్క). ఏ స్కానూ చేయించుకోని మనిషికి కూడా నేల నుంచీ గాలి నుంచీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు వస్తూనే ఉంటాయి. మన భీమిలి ఇసుకలోనూ రేడియేషన్ ఇచ్చే థోరియం ఉన్న మోనజైట్ ఖనిజం ఉంది మరి!

ఇక ఆ మిషన్, అదే గామా కెమెరా, రేడియేషన్ ఇవ్వదు, మన ఒంట్లోంచి వచ్చేదాన్ని పట్టుకుంటుంది, అంతే.

పిల్లల మాటలో సగం నిజం ఉంది. ఆ రోజుకి గర్భిణులకీ చంటిపిల్లలకీ కాస్త దూరంగా ఉండమంటారు. ఆ ఒక్కరోజు జాగ్రత్తని జన్మంతా అంటరానితనం చేసి పెట్టారు.

ఇక క్యాన్సర్ టెన్షన్. క్యాన్సర్ ఎముకకు పాకిందా అని చూడటానికి ఈ స్కాన్ వాడతారు, నిజమే. కానీ ఎక్స్‌రేలో కనపడని సన్నని పగులు, ఎముకలో ఇన్ఫెక్షన్, పెట్టిన కృత్రిమ కీలు వదులవడం, ఇవన్నీ కూడా ఇందులో దొరుకుతాయి, ఎందుకంటే ఎముక ఎక్కడ కొత్తగా కట్టుకుంటుంటే అక్కడ మందు ఎక్కువగా చేరుతుంది. అరిగిన కీలు కూడా అలాగే నల్లగా కనపడుతుంది, అందుకే రిపోర్టులో నల్లమచ్చ చూసి ఇంట్లోవాళ్లు తీర్పు చెప్పకూడదు. ఆ పెద్దావిడకి రాసింది కీలు వదులైందేమో చూడటానికి!

మోకాలి ఇంజెక్షన్ సంగతి వేరు. కీళ్లవాతంలో, హీమోఫిలియాలో (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) కీలు లోపలి పొర వాచి నీరో రక్తమో చేరుతుంటే, స్టెరాయిడ్‌కి లొంగకపోతే, మోకాలిలోకి యిట్రియం-90 అనే రేడియేషన్ మందు ఎక్కిస్తారు. దాని బీటా కిరణాలు కొన్ని మిల్లీమీటర్లకు మించి పోవు, వాచిన పొరని ఎండగడతాయి, ఎముకని కరిగించవు. తర్వాత రెండు రోజులు కాలు కదపకుండా ఉంచాలి, గుణం కనపడటానికి వారాలు పడుతుంది. మామూలుగా అరిగిపోయిన మోకాలికి మాత్రం ఇది మందు కాదు, ఎవరైనా అలా అమ్మజూపితే గట్టిగా అడగండి.

క్యాన్సర్ ఎముకలకు పాకి నిద్రపట్టని నొప్పి ఉన్నవాళ్లకి కూడా ఇలాంటి రేడియేషన్ మందులే, స్ట్రాన్షియం-89, సమేరియం-153, ఇస్తారు, నొప్పి తగ్గడానికి. మొదట్లో కొందరికి నొప్పి కాస్త పెరగొచ్చు, కొన్ని వారాలు తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ తగ్గుతాయి, కాబట్టి రక్తపరీక్షలు మానకూడదు.