40 గంటల్లో థెరపిస్టా? ఆ మెసేజ్‌లో ఏది నిజం, ఏది కాదు

నెల రోజులుగా ఒక వాట్సాప్ మెసేజ్ డాలస్ చుట్టుపక్కల తెలుగు గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. "హెచ్4 అక్కచెల్లెళ్లకు బంగారం లాంటి అవకాశం" అని మొదలవుతుంది. హెచ్4 అంటే హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలకిచ్చే వీసా. డిగ్రీ అక్కర్లేదట, 40 గంటల ఆన్‌లైన్ కోర్సు చేస్తే చాలట, ఆటిజం పిల్లలకు ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటే ప్రవర్తనను గమనించి మార్చే పద్ధతి) థెరపీ ఇవ్వొచ్చట. అక్కడితో ఆగితే నేనిది రాసేదాన్నే కాదు. ఏబీఏ అంటే ఏమిటో కూడా అయిదు లైన్లలో నేర్పేసింది. నాకే ముగ్గురు పంపారు. మా పక్క వీధి అమ్మాయి అయితే ఫోన్ చేసి, "అక్కా, మీరు చేసిన పని ఇదేగా? నేనూ చేరిపోనా?" అని అడిగింది.

ఆరేళ్లు ఆ పని చేశాను. చేరమనే చెప్పాను. ఆ అయిదు లైన్లు మాత్రం నమ్మొద్దన్నాను. ఎందుకో వరసగా చెప్తాను.

"40 గంటల కోర్సు చేస్తే మీరే థెరపిస్ట్. ప్లాన్ మీరే వేసుకోవచ్చు."

40 గంటలన్న మాట నిజమే. రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్, అందరూ ఆర్‌బీటీ అనే ఈ సర్టిఫికెట్‌ను ఇచ్చేది బిహేవియర్ అనలిస్ట్ సర్టిఫికేషన్ బోర్డు. 1998లో ఏర్పడిన ఈ బోర్డు 2014లో ఆర్‌బీటీ మొదలుపెట్టింది. 18 ఏళ్లు నిండాలి, హైస్కూలు పూర్తయి ఉండాలి, 40 గంటల శిక్షణ కావాలి. మెసేజ్ ఇక్కడికే పరిమితమైంది. ఆ తర్వాత అర్హత ఉన్నవాళ్ల ముందు పని చేసి చూపించాలి. ఆపైన 85 ప్రశ్నల పరీక్ష, టైము 90 నిమిషాలు. పాసయ్యాక కూడా ఎవరూ చూడకుండా సొంతంగా చేసుకుపోవడం కుదరదు. నెలలో పని చేసిన గంటల్లో కనీసం 5 శాతానికి సూపర్‌విజన్ ఉండాలి. 80 గంటలు చేస్తే 4 గంటలన్నమాట. ప్లాన్ రాసేది మాస్టర్స్ చదివి బీసీబీఏ (అదే బోర్డు ఇచ్చే బిహేవియర్ అనలిస్ట్ సర్టిఫికెట్) అయినవాళ్లు. దాన్ని అమలు చేయడం, జరిగింది జరిగినట్టు రాయడం టెక్నీషియన్ పని. కాంపౌండర్ మందుచీటీ రాయడు కదా, ఇదీ అంతే.

మెసేజ్ చెప్పకుండా దాటేసినవి ఇంకో రెండున్నాయి. హెచ్4 వీసా ఒక్కటే ఉంటే ఉద్యోగం చేయకూడదు, ఉద్యోగానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డు చేతికి రావాలి. ఇక ఇండియాలో ఉన్న చెల్లెలికి ఫార్వర్డ్ చేసినవాళ్లకు: 2023 జనవరి నుంచి బోర్డు కొన్ని దేశాల్లో నివసించేవాళ్ల దరఖాస్తులే తీసుకుంటోంది, ఆ దేశాల్లో ఇండియా లేదు. అక్కడ ఈ రంగంలోకి రావాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సులు చూసుకోవాలి.

"మాట వింటే చాక్లెట్, అది పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. వినకపోతే పనిష్మెంట్, అది నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్."

ఈ రెండో మాట మొత్తం తప్పు. ఒక పని చేసిన వెంటనే ఏదో జరిగి, దాని వల్ల ఆ పని ముందుముందు పెరిగితే అది రీఇన్‌ఫోర్స్‌మెంట్. తగ్గితే పనిష్మెంట్. పాజిటివ్, నెగటివ్ అంటే మంచీ చెడూ కావు, కూడికా తీసివేతా. కొత్తగా ఏదైనా వచ్చి చేరితే పాజిటివ్, ఉన్నది పోతే నెగటివ్. సాయంత్రం దోమలు కుడతాయి, కాయిల్ వెలిగిస్తాం, దోమలు పోతాయి. రేపు దోమ చప్పుడు వినపడగానే చెయ్యి అగ్గిపెట్టె కోసం వెతుకుతుంది. అదీ నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. ఇందులో ఎవరూ ఎవరినీ శిక్షించలేదు.

పేర్లు అటూ ఇటూ అయితే కొంపేం మునుగుతుంది అనిపించొచ్చు. నాకూ అలాగే అనిపించేది.

చేరిన రెండో నెలలో ఒక తెలుగువాళ్లింటికి, అయిదేళ్ల బాబు కోసం వెళ్లేదాన్ని. ఎవరో తెలియకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి రంగు పూసలు వేరు చేయించాలి. రెండు నిమిషాలు చేసేవాడు, తర్వాత గిన్నె ఎత్తి నేలకేసి కొట్టేవాడు. పూసలన్నీ దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందికి పోయేవి. నేను మా చిన్నప్పటి టీచర్లను తలుచుకుని, వాణ్ణి తీసుకెళ్లి మూలనున్న కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. ప్లాన్‌లో లేని పని అది, నా సొంత తెలివి. శిక్ష వేశానని నా ధీమా. వారం తిరిగేసరికి విసరడం తగ్గకపోగా పెరిగింది.

సూపర్‌వైజర్ వచ్చి నా ఏబీసీ కాగితం అడిగింది. అందులో మూడు గళ్లుంటాయి: ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, వెంటనే ఏం జరిగింది. 11 వరసలు రాశాను. మూడో గడిలో పై నుంచి కింది దాకా ఒకటే మాట: "పూసలు తీసేసి కుర్చీలో కూర్చోబెట్టాను." ఆవిడ దాని మీద వేలు పెట్టి, "వాడికి కావలసింది ఇదేగా?" అంది. పూసలు పోవాలి, పోయాయి. నేను శిక్ష అనుకున్నది వాడికి సెలవు. వారం రోజులు వాడికి విసరడం నేర్పింది నేనే.

దోమలకు కాయిల్ వెలిగించినట్టే వాడు గిన్నె విసిరాడు. ఆ తేడా తెలిసి ఉంటే మొదటి రోజే పట్టుకునేదాన్ని.

చాక్లెట్ సంగతి కూడా చెప్పాలి. మనమిచ్చింది పిల్లవాడికి బహుమతా కాదా అన్నది మన చేతుల్లో లేదు. ఇచ్చాక ఆ పని పెరిగితేనే బహుమతి. అందుకే ముందు నాలుగైదు వస్తువులను రెండేసి చొప్పున ఎదురుగా పెట్టి, ఏది ఎన్నిసార్లు తీసుకుంటాడో లెక్క రాస్తాం. ఈ బాబు చాక్లెట్ వైపు కన్నెత్తి చూడలేదు. వాడికి కావలసింది వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే అద్దంలోంచి చూడటం. వాళ్లమ్మ పాపం మా సెషన్ టైముకి బట్టలు ఉతకడం పెట్టుకునేది.

ఇక షాపులో ఏడుపు మొదలయ్యాక "ఏడవకు నాన్నా, చాక్లెట్ కొంటా" అనడం పిల్లవాడి ఏడుపుకు జీతం ఇవ్వడమే. చాక్లెట్ అందగానే ఏడుపు ఆగింది కాబట్టి ఈసారి అమ్మ కూడా తొందరగా కొంటుంది. ఒకేసారి ఇద్దరికీ పాఠం అయిపోయింది.

"ఏడిస్తే పట్టించుకోవద్దు, వారంలో మానేస్తారు."

అన్నిటికన్నా ప్రమాదకరమైన లైను ఇదే. ఏడుపు, విసరడం, కొరకడం ఇవన్నీ ఏదో ఒక పని కోసం జరుగుతాయి. ఎవరైనా తన వైపు చూడాలని, చేస్తున్న పని తప్పించుకోవాలని, కావలసిన వస్తువు కోసం, లేదా ఆ కదలికే ఒంటికి హాయిగా ఉండి. ఈ నాలుగింటిలో ఏదో తెలుసుకోకుండా చేసే వైద్యం గుడ్డి వైద్యం. 1982లో పరిశోధకుడు బ్రయన్ ఇవాటా, ఆయన సహచరులు తమను తాము గాయపరుచుకునే 9 మందిని ఇలాగే వేరువేరు పరిస్థితుల్లో ఉంచి చూశారు. పైకి ఒకేలా కనిపించే ప్రవర్తన ఒకరిలో పని చెప్పినప్పుడు ఎక్కువైతే, ఇంకొకరిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కువైంది. ఈ రంగంలో ఆ పని ఒక మలుపు.

మన పూసల బాబు దగ్గరికే వద్దాం. వాడు విసిరినప్పుడు నేను పట్టించుకోకుండా అటు తిరిగి కూర్చుంటే? పూసలు పోయినట్టే కదా. పట్టించుకోకపోవడం ఎవరికి పని చేస్తుందంటే, మన చూపు కోసమే ఏడ్చేవాళ్లకు. అక్కడ కూడా మొదట్లో ఏడుపు పెరుగుతుంది. టీవీ రిమోట్ పని చేయకపోతే ఏం చేస్తాం? గట్టిగా నొక్కుతాం, ఇంకా గట్టిగా నొక్కుతాం, అరచేతిలో నాలుగు దెబ్బలు వేస్తాం. అప్పటికీ రాకపోతేనే పక్కన పెడతాం. పిల్లలూ అంతే. ఆ పెరిగే దశలో, 20 నిమిషాల ఏడుపు తర్వాత తట్టుకోలేక ఇచ్చేశామనుకోండి, 20 నిమిషాలు ఏడిస్తే వస్తుందని నేర్పినట్టు. పైగా పిల్లవాడు తల గోడకు కొట్టుకుంటుంటే పట్టించుకోకుండా కూర్చోవడం ఏమిటి? ఆ మెసేజ్ రాసినవాళ్లు అలాంటి పిల్లల పక్కన ఒక్క గంట కూడా కూర్చున్నట్టు లేరు.

అసలు ఒకటి మానిపించాలంటే దాని చోట్లో అదే పని చేసే ఇంకోటి చేతికివ్వాలి. బాబు విషయంలో పూసలు 20 నుంచి 5కి తగ్గించారు. "చాలు" అని రాసిన బొమ్మ కార్డు టేబుల్ మీద పెట్టారు. కార్డు నా చేతిలో పెడితే అప్పటికప్పుడు పని ఆపేయాలి. మొదట్లో వాడి చెయ్యి పట్టుకుని ఇప్పించేదాన్ని, తర్వాత మోచెయ్యి తాకితే చాలింది, ఆ తర్వాత కార్డు వైపు చూస్తే చాలింది. ఈ సాయాన్ని ప్రాంప్ట్ అంటాం. అది ఎంత తొందరగా తగ్గిస్తే అంత మంచిది. లేకపోతే మన చెయ్యి తగిలితే గానీ కార్డు ఎత్తరు.

"వారానికి 40 గంటలు చేస్తే సగం మంది పిల్లలు నార్మల్ అయిపోతారు. అమెరికాలో ప్రూవ్ అయింది."

ఇది 1987లో లాస్ ఏంజెలిస్‌లో మనస్తత్వవేత్త ఐవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనం నీడ. వారానికి 40 గంటల చొప్పున శిక్షణ పొందిన పిల్లలు 19 మంది. వాళ్లలో 9 మంది మామూలు ఒకటో తరగతి దాటారు, ఐక్యూ కూడా మామూలు పరిధిలోకి వచ్చింది. సగం అన్నది ఆ 9 మంది లెక్క. ఏ పిల్లలు 40 గంటల గుంపులోకి, ఏ పిల్లలు పోల్చడానికి పెట్టిన గుంపులోకి వెళ్లాలో లాటరీ తీసి పంచలేదు, థెరపిస్టులు అందుబాటులో ఉన్నదాన్ని బట్టి పంచారు. అప్పటి పద్ధతిలో తొడ మీద కొట్టడం కూడా ఉంది, ఆ ముక్క మెసేజ్‌లో లేదు. 2024లో పాత అధ్యయనాలెన్నిటినో కలిపి లెక్కగట్టినప్పుడు, గంటలు పెరిగే కొద్దీ ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. గంటలు అమ్ముకునేవాళ్లకు ఈ మాట రుచించదు, తెలుసు.

నార్మల్ అన్న మాట గురించి కూడా. చేతులు రెపరెపలాడించడం మానిపించడమే థెరపీ అనుకున్న రోజులున్నాయి. వాటిని అనుభవించి పెద్దవాళ్లైన ఆటిస్టిక్ మనుషులు, ఎంత కష్టపడి తమను దాచుకోవలసి వచ్చిందో ఇవాళ చెప్తున్నారు. అందులో న్యాయముంది. 1968లో బేయర్, వుల్ఫ్, రిస్లీ అనే పరిశోధకులు ఈ రంగానికి హద్దులు రాసినప్పుడు ఏబీఏలోని "అప్లైడ్" అన్న మాటకు ఇచ్చిన అర్థం, ఎంచుకున్న ప్రవర్తన ఆ మనిషికీ సమాజానికీ నిజంగా అవసరమైనదై ఉండాలని. చేతులు ఊపితే ఎవరికి నష్టం? పళ్లు తోముకోవడం, నొప్పి ఎక్కడో చెప్పడం, రోడ్డు దగ్గర ఆగడం అవసరం. మీ చేతికొచ్చే ప్లాన్‌లో ఆ అవసరం కనపడకపోతే సూపర్‌వైజర్‌ను అడగండి. అడగడం తప్పు కాదు.

"బొమ్మల కార్డులిస్తే మాటలు రావు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి."

రెండు అబద్ధాలు ఒకే లైనులో. కార్డులు, టాబ్లెట్లు వాడితే మాటలు ఆగిపోతాయన్నది అధ్యయనాల్లో తేలలేదు, చాలామందికి కొంత మాట పెరిగింది కూడా. ఇంట్లో రెండు భాషలుంటే ఆటిజం పిల్లలకు మాటలు ఇంకా ఆలస్యమవుతాయనడానికీ ఆధారం లేదు. తెలుగు మానేస్తే మాత్రం నష్టం ఖాయం. నాన్నమ్మతో మాట్లాడేదెవరు?

మన బాబు నాన్నమ్మ గుంటూరు నుంచి ఆ వేసవిలో వచ్చింది. నేనున్నప్పుడే ఒక సాయంత్రం పెరుగన్నం తినిపిస్తోంది. నాలుగు ముద్దలయ్యాక వాడు కుర్చీ దిగి, టేబుల్ దాకా వెళ్లి, "చాలు" కార్డు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ మోచెయ్యి తాకలేదు. నాకు గుండె ఆగినంత పనైంది. పెద్దావిడ కార్డు పక్కన పెట్టి, "ఇదొక్కటే నాన్నా, ఆఖరి ముద్ద" అంది. కంచం ఎగిరి గోడకు తగిలింది.

కార్డు పని చేయకపోతే కంచం పని చేస్తుంది, వాడి లెక్క తప్పు కాదు. ఏబీసీ కాగితంలో రాసి సూపర్‌వైజర్‌కు ఇచ్చాను. మరుసటి వారం ఆవిడ వచ్చి నాన్నమ్మతో ప్రాక్టీస్ చేయించింది, నేను తెలుగులో చెప్పాను. ముద్ద కలిపి పట్టుకున్నారు. వాడు కార్డు ఇచ్చాడు. పెద్దావిడ ఒక్క క్షణం వాడి మొహం చూసి, ఆ ముద్ద తన నోట్లో పెట్టుకుంది.