పచ్చగా ఉంటే చాలా? ఏ చెట్టో అడగక్కర్లేదా?

రెండేళ్లకోసారి కేంద్రం అటవీ నివేదిక వస్తుంది, పచ్చదనం ఇంత పెరిగిందనో తగ్గిందనో హెడ్డింగులు, రెండ్రోజులు పార్టీల మాటల యుద్ధం, ఆ తర్వాత అందరం మర్చిపోతాం. లెక్క ఎలా కట్టారని మాత్రం ఎవరూ అడగరు. ఉపగ్రహ చిత్రంలో హెక్టారుకు మించిన జాగాలో చెట్ల కప్పు 10 శాతం దాటితే ఆ లెక్కలో అది అడవే. ఏ జాతి చెట్టు, ఎవరి భూమి అన్నది అనవసరం. పాడేరు కొండ మీద మద్ది, వేగిస చెట్లూ అడవే, కింద మైదానంలో జీడిమామిడి, జామాయిల్, సరుగుడు తోటలూ అడవే. నేల మీద నమూనా ప్లాట్లు పెట్టి జాతులు కూడా కొలుస్తారు, కాదనను, కానీ మంత్రుల నోట వినిపించేది విస్తీర్ణమే.

దీనివల్ల ఏమవుతుందంటే, అడవి ఎక్కడికీ పోకుండానే మారిపోతుంది. అమెరికాలో 1904లో చెస్ట్‌నట్ చెట్లకు బూజు తెగులు కనిపించింది, యాభై ఏళ్లలో వందల కోట్ల చెట్లు పోయాయి, ఆ ఖాళీని చాలాచోట్ల ఓక్ నింపింది. ఇప్పుడు ఆ ఓక్‌ల కింద ఓక్ మొక్కలు సరిగా రావడం లేదు, మేపుల్ లేస్తోంది. అడవి మంటల్ని దశాబ్దాల తరబడి ఆపేయడం దీనికో ముఖ్య కారణమంటారు. పైనుంచి చూస్తే అప్పుడూ ఇప్పుడూ పచ్చగానే ఉంటుంది.

మన దగ్గర సంగతి చూడండి. గుగ్గిలం (సాల్) చెట్టు విత్తనం తొలకరి ముందు రాలుతుంది, వారం పది రోజుల్లో తడి తగిలి మొలకెత్తాలి, వాన ఆలస్యమైతే ఆ ఏటి విత్తనం దండగే. మొలిచినా ఏటా వేసవి మంటలు, పశువులు, పైన లంటానా అనే కలుపు పొద. పెద్ద చెట్టు మాత్రం నిలబడే ఉంటుంది కాబట్టి ఉపగ్రహానికి అంతా క్షేమం. పిల్లలంతా వలసపోయి ముసలివాళ్లే మిగిలిన ఊరిని చూసి జనాభా బాగానే ఉందన్నట్టు! ఇక కాఫీ తోటల్లో నీడ కోసం నాటే సిల్వర్ ఓక్, దాని మీద మిరియాల తీగ. పక్కన మిగిలిన పనసో మద్దో విత్తనం రాల్చినా, మొలక జానెడైనా కాకముందే కలుపుతో పాటు కొడవలికి పోతుంది.

కాఫీ వల్ల గిరిజనుల చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి, బోడికొండ కంటే సిల్వర్ ఓక్ నయం కదా అంటారు. నిజమే, వాటిని నరికేయమని నేనూ అనడం లేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ సిల్వర్ ఓక్ నీడను తోట ఖాతాలో రాసుకోండి, అడవి ఖాతాలో వద్దు.

అసలు ఈ అంకెల పిచ్చి అడవితో ఆగితే బాగుండేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను ఊడ్చేశాక త్వరగా పచ్చబడాలని ఏడాకుల పాల, కోనోకార్పస్ అనే విదేశీ మొక్క తెచ్చి వీధుల నిండా నాటేశారు. పాల మన దేశపు చెట్టే, కానీ వీధంతా అదే అయితే ఏమవుతుందో అక్టోబర్, నవంబర్ రాత్రుల్లో ఆ పూల ఘాటుకి కిటికీలు మూసుకునే వాళ్లనడగండి. కోనోకార్పస్‌నైతే తెలంగాణ 2022లోనే వద్దనుకుంది. పక్కనే కంబాలకొండ అడవి ఉంది, ఈ ఎర్రనేలకీ ఉప్పుగాలికీ అలవాటుపడ్డ చెట్లు అక్కడున్నాయి, అటవీశాఖ తలచుకుంటే విత్తనానికి కరువా? కానీ విత్తనం నుంచి పెంచడానికి టైమ్ పడుతుంది, ఈలోగా టార్గెట్ దాటిపోతుంది. నగరాల శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విశాఖకు 4వ ర్యాంకు వస్తే ఫ్లెక్సీలు కట్టాం, మంచిదే, మరి మన వీధి చెట్టు పేరు మనలో ఎంతమందికి తెలుసు? బడిలో చేరిన పిల్లల్ని లెక్కపెడతాం, చదవడం వచ్చిందా అని చూడం. నాటిన మొక్కల్నీ అంతే.

వచ్చే వన మహోత్సవంలో మంత్రిగారు వేదికెక్కి లక్షల్లో అంకె చదివినప్పుడు, విలేకరులు దాన్ని యథాతథంగా రాసుకుని రావద్దు. ఏ జాతి మొక్కలు, ఏ నర్సరీవి, పోయినేడు నాటినవాటిలో ఎన్ని బతికాయని అడగాలి. జవాబు రాకపోతే, రాలేదనే వార్త రాయాలి.