నెట్‌వర్క్ సర్టిఫికేషన్ పరీక్షలు: కష్టం ఉండాల్సింది పాఠంలో

నెట్‌వర్క్ ఇంజనీర్ల సర్టిఫికేషన్ పరీక్షలో ఇలాంటి ప్రశ్న వచ్చిందనుకోండి. రెండు రౌటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రొటోకాల్) నడుస్తోంది. నైబర్ స్టేట్, అంటే పక్క రౌటర్‌తో సంబంధం ఏ దశలో ఉందో చెప్పే గుర్తు, ఒక వైపు ఎక్స్‌స్టార్ట్ అనీ, రెండో వైపు ఎక్స్ఛేంజ్ అనీ చూపిస్తూ అక్కడే ఆగిపోయింది. కారణం ఏమిటి? నాలుగు ఆప్షన్లు ఇచ్చారు: హలో టైమర్లు కలవలేదు, ఏరియా నంబర్లు వేరు, నెట్‌వర్క్ టైప్ ఒక వైపు బ్రాడ్‌కాస్ట్ అయితే మరో వైపు పాయింట్ టు పాయింట్, ఇంటర్‌ఫేస్ ఎంటీయూల్లో (ఒకేసారి పంపగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) తేడా.

ఇది కష్టమైన ప్రశ్నే, కానీ మంచి ప్రశ్న. టైమర్లో ఏరియానో కలవకపోతే అవతలి రౌటర్ నైబర్‌గా కనిపించనే కనిపించదు. నెట్‌వర్క్ టైప్ తేడా అయితే సంబంధం ఫుల్ అనే చివరి దశ దాకా వెళ్తుంది, రూట్లు మాత్రం టేబుల్‌లోకి ఎక్కవు. ఇక మిగిలింది ఎంటీయూ. ఆ దశల్లో రౌటర్లు మార్చుకునే డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్‌లో పంపిన రౌటర్ తన ఎంటీయూ విలువ రాస్తుంది. అందుకున్న రౌటర్‌కు అది తన ఎంటీయూ కంటే పెద్దదిగా కనిపిస్తే ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది. అందుకే కథ అక్కడ ఆగింది. ప్రతి తప్పు ఆప్షన్ వెనకా ఒక నిజమైన అపోహ ఉంది. ప్రొటోకాల్ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు దాటగలరు, గుర్తులు బట్టీపట్టినవాళ్లు తడబడతారు.

ఇంకో ప్రశ్న చూడండి: హెచ్‌ఎస్‌ఆర్‌పీ (ఒక రౌటర్ పడిపోతే మరొకటి బాధ్యత తీసుకునేలా చేసే ప్రొటోకాల్) రెండో వెర్షన్ వాడే మల్టీకాస్ట్ చిరునామా ఏది? జవాబు 224.0.0.102. దీన్ని కూడా చాలామంది తప్పు రాస్తారు, కాబట్టి గణాంకాల్లో ఇదీ కఠినమైన ప్రశ్నగానే నమోదవుతుంది. కానీ పనిలో ఈ అంకె అవసరమయ్యేది ఏదో యాక్సెస్ లిస్ట్ (ఏ ట్రాఫిక్‌ను అనుమతించాలో చెప్పే జాబితా) రాసేటప్పుడు. అప్పుడు మాన్యువల్ తెరిచి చూస్తారు. రెండు ప్రశ్నలూ కష్టమే అయినా మొదటి కష్టం విషయంలో ఉంది, రెండోది జ్ఞాపకశక్తి మీద వేసిన బరువు. సర్టిఫికేషన్ పరీక్షల న్యాయం గురించి జరిగే చర్చలన్నీ ఈ తేడా దగ్గర మొదలవ్వాలి. పేపరు సులువుగా ఉండాలని అడగడం కాదు, కష్టం ఎక్కడినుంచి వస్తోందో అడగాలి.

ముందుగా సమయం. కాంప్‌టియా సంస్థ పెట్టే నెట్‌వర్క్ ప్లస్ పరీక్షలో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. అందులో చేసి చూపించాల్సిన ప్రశ్నలు నాలుగు వచ్చి, ఒక్కోదానికి ఆరు నిమిషాలు పట్టాయనుకోండి. మిగిలిన 86 ప్రశ్నలకు 66 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 46 సెకన్లు. ఆ వ్యవధిలో టోపాలజీ (నెట్‌వర్క్ అమరిక) బొమ్మ చూసి, షో కమాండ్ అవుట్‌పుట్ చదివి, నాలుగు ఆప్షన్లు పోల్చాలి. ఇంగ్లిష్ రెండో భాష అయిన ఇంజనీరుకు ఇందులో సగం చదవడానికే పోతుంది. అప్పుడు పరీక్ష కొలిచేది రౌటింగ్‌నా, చదివే వేగాన్నా? అదనపు సమయం ఇచ్చే ఏర్పాట్లు కొన్ని పరీక్షల్లో ఉన్నాయి. వాటి గురించి ముందే తెలుసుకుని అడగాలి, పరీక్ష గదిలోకి వెళ్లాక అడిగితే దొరకవు.

నెట్‌వర్క్ ప్లస్‌లో కనీసం ప్రశ్నకు గుర్తు పెట్టుకుని తర్వాత వెనక్కి రావచ్చు. సిస్కో కంపెనీ పెట్టే సీసీఎన్‌ఏ పరీక్షలో ఆ వీలు లేదు, ఒకసారి నెక్స్ట్ నొక్కితే అంతే. ఒక ప్రశ్నలోని అవుట్‌పుట్ మరో ప్రశ్నకు జవాబు బయటపెట్టకుండా ఉండడానికి ఈ నిబంధన పనికొస్తుందన్న మాట నిజమే. కానీ ట్రబుల్‌షూటింగ్ అంటేనే కొత్త ఆధారం దొరికినప్పుడు పాత అంచనాను సవరించుకోవడం. ఆ గుణాన్ని పరీక్ష శిక్షిస్తోంది. ప్రశ్నలను పది పదిగా విడగొట్టి, ఆ పదింటిలోపు ముందుకూ వెనక్కీ తిరగనిస్తే రెండు అవసరాలూ తీరుతాయి.

‘సరైనవి రెండు ఎంచుకోండి’ అనే ప్రశ్నలది ఇంకో చిక్కు. అయిదు ఆప్షన్లలో రెండు ఎంచుకునే జతలు పది. ఒక జవాబు కచ్చితంగా తెలిసిన అభ్యర్థి రెండోదాన్ని ఊహిస్తే తగిలే అవకాశం నాలుగింట ఒకటి. రెండూ కుదిరితేనే మార్కు అన్న పద్ధతిలో, సగం తెలిసినవాడికీ ఏమీ తెలియనివాడికీ పడేది ఒకే సున్నా. పాక్షిక మార్కులు ఇస్తారా లేదా అన్నది పరీక్షకు ముందే స్పష్టంగా చెప్పడం నిర్వాహకుల కనీస బాధ్యత.

ఇక పాస్ మార్కు. సీసీఎన్‌ఏ స్కోరు 300 నుంచి 1000 వరకు ఉండే స్కేలు. నెట్‌వర్క్ ప్లస్‌ది 100 నుంచి 900, పాస్ కావడానికి 720. ఇవి శాతాలు కావు. 720 అంటే నూటికి 72 అని కానీ, 900కి 80 శాతం అని కానీ లెక్కవేయకూడదు. ఒక అభ్యర్థికి వచ్చిన పేపరు మరొకరిదానికంటే కాస్త కఠినంగా ఉండొచ్చు. ఆ తేడాను సర్దుబాటు చేశాకే స్కేలు మీదికి మారుస్తారు. నా పేపరే కష్టంగా వచ్చిందన్న ఫిర్యాదుకు సూత్రప్రాయంగా జవాబు ఇదే.

అసలు గీత ఎక్కడ గీయాలన్నది ఎలా తేలుస్తారు? 1971లో విలియం యాంగాఫ్ వివరించిన పద్ధతి, దాని సవరణలు ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. నిపుణులు కూర్చుని ఒక్కో ప్రశ్నకు అంచనా వేస్తారు: బొటాబొటీగా అర్హత ఉన్న అభ్యర్థులు వంద మంది ఉంటే, వారిలో ఎంతమంది దీన్ని సరిగ్గా రాస్తారు? ఆ అంచనాల సగటులన్నీ కూడితే కటాఫ్ వస్తుంది. ఇందులో బలహీనత నిపుణుల దగ్గరే ఉంది. పదిహేనేళ్లుగా బీజీపీతో (పెద్ద నెట్‌వర్క్‌ల మధ్య దారులు చెప్పే ప్రొటోకాల్) కాపురం చేస్తున్న మనిషికి కొత్తవాళ్ల తడబాటు గుర్తుండదు, అంచనా పైకి పోతుంది. అందుకే నిజమైన అభ్యర్థుల ఫలితాలు చూపించి రెండో విడత అంచనా వేయించాలి. ఏ పద్ధతి వాడారో, ఎన్ని విడతలు జరిపారో ప్రచురిస్తే ప్రశ్నల రహస్యానికి వచ్చే నష్టమేమీ లేదు. పాస్ మార్కునే బయటపెట్టకుండా దాచే ధోరణి సమర్థనీయం కాదు.

ఏ ప్రశ్న చెడ్డదో కనిపెట్టే సాధనం కూడా నిర్వాహకుల దగ్గర ఉంది. మొత్తం మీద ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లు ఒక ప్రశ్నను, తక్కువ వచ్చినవాళ్లకంటే ఎక్కువగా తప్పుతున్నారంటే లోపం అభ్యర్థుల్లో లేదు. కీ తప్పయినా అయ్యుండాలి, వాక్యం రెండర్థాలుగా అయినా ఉండాలి. ‘అత్యుత్తమ పరిష్కారం ఏది’ అని అడిగి, ఖర్చు దృష్ట్యానా, వేగం దృష్ట్యానా చెప్పని ప్రశ్నలు సాధారణంగా ఇక్కడే దొరుకుతాయి. మార్కులు లెక్కలోకి రాని కొత్త ప్రశ్నలను అసలు ప్రశ్నల మధ్య కలిపి ఇచ్చేది ఈ వడపోత కోసమే. అది అవసరమే, కానీ అవి తినేసే నిమిషాలు అభ్యర్థివి. వాటికి తగ్గట్టు సమయం కలపాలి.

ఈ గణాంకాలన్నిటినీ కుళ్లబెట్టేది డంపుల, అంటే లీకైన పరీక్ష ప్రశ్నల, వ్యాపారం. లీకైన ప్రశ్నను ఎక్కువమంది సరిగ్గా రాస్తారు కాబట్టి అది సులువైనదిగా నమోదవుతుంది. ప్రశ్నల కష్టాన్ని బట్టి కటాఫ్ లెక్కించేచోట, సులువైన పేపరుకు ఎక్కువ సరైన జవాబులు అడుగుతారు. ఆ ప్రశ్నలను ముందెన్నడూ చూడకుండా సొంతంగా చదివి వచ్చిన అభ్యర్థి దగ్గర ఆ అదనపు భారం వసూలవుతుంది. డంపులు కొనేవాడు తనను తాను మాత్రమే మోసం చేసుకుంటున్నాడన్న మాట అందుకే తప్పు, పక్క కుర్చీలోని మనిషిని కూడా ముంచుతున్నాడు.

డంపులకు విరుగుడు చేసి చూపించాల్సిన ల్యాబ్ ప్రశ్నలే, సందేహం లేదు. కాకపోతే వాటిని సరిగ్గా కట్టాలి. ఉదాహరణకు ట్రంక్ (అనేక వీల్యాన్‌లను, అంటే ఒకే స్విచ్ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లను, మోసే లింకు) మీద వీల్యాన్ 20ని అదనంగా అనుమతించమన్నారు. ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్’ తర్వాత ‘యాడ్’ అనే మాట మరిచి నేరుగా 20 అని కొడితే పాత జాబితా మొత్తం చెరిగిపోయి 20 ఒక్కటే మిగులుతుంది. నిజమైన నెట్‌వర్క్‌లను పడగొట్టిన పొరపాటు ఇది, దీన్ని పరీక్షించడం ఎంతో సబబు. అయితే ‘యాడ్’ వాడకుండా పాతవాటినీ 20నీ కలిపి పూర్తి జాబితా రాసినా ఫలితం అదే. మార్కు ఫలితం చూసి ఇవ్వాలి, టైపు చేసిన అక్షరాలు చూసి కాదు. సిమ్యులేటర్ సహాయం అడిగే ‘?’ గుర్తుకు, ట్యాబ్ మీటకు స్పందించకపోతే తప్పు తనదా, పరికరానిదా అన్నది అభ్యర్థికి తేలదు. సిస్కో అత్యున్నత స్థాయి పరీక్ష అయిన ఎనిమిది గంటల సీసీఐఈ ల్యాబ్‌లో సిస్కో డాక్యుమెంటేషన్ చూసుకోనిస్తారు. శిఖరం మీద ఉన్నవాళ్లకు మాన్యువల్ ఇచ్చి, మొదటి మెట్టు ఎక్కేవాళ్లను కమాండ్లు బట్టీపట్టమనడంలో ఏ తర్కమూ లేదు.

పెద్ద ల్యాబ్‌లలో ఇంకొకటి చూసుకోవాలి. ఉదయం ట్రంక్ దగ్గర చేసిన ఒక తప్పు దాని మీద నడిచే ఓఎస్‌పీఎఫ్‌ను, దాని మీద ఆధారపడ్డ బీజీపీని పడేస్తుంది. ఒకే తప్పుకు మూడుచోట్ల మార్కులు కోయకుండా విభాగాలను స్వతంత్రంగా అమర్చడం సాధ్యమే, కష్టపడితే.

తప్పిన తర్వాత చేతికొచ్చే నివేదికను ఎలా చదవాలో కూడా తెలిసుండాలి. సీసీఎన్‌ఏ సిలబస్‌లో ఆటోమేషన్ వాటా 10 శాతం. ఆ భాగంలో పది ప్రశ్నలు వచ్చినా, ఒక్క ప్రశ్న అటూఇటూ అయితే విభాగం స్కోరు పది శాతం మారిపోతుంది. అంత చిన్న అంకెను నమ్ముకుని మళ్లీ చదవాల్సిన పాఠాలు నిర్ణయించుకోకూడదు. ఐపీ కనెక్టివిటీ వాటా 25 శాతం, అక్కడి అంకె కొంత నమ్మదగినది.

సిమ్యులేటర్ బిగుసుకుపోయినా, బొమ్మ తెరుచుకోకపోయినా నెక్స్ట్ నొక్కకుండా వెంటనే పర్యవేక్షకుణ్ని పిలవాలి. సంఘటనను అక్కడికక్కడే నమోదు చేయించి, కేసు నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లేకుండా తర్వాత రాసే ఫిర్యాదుకు బలం ఉండదు, ఎందుకంటే సంతకం చేసిన గోప్యత ఒప్పందం వల్ల ప్రశ్నలో ఏముందో బయట ఎవరికీ చెప్పడానికి వీల్లేదు.