సరుకు తీసుకున్నవారే ధర నిర్ణయిస్తే ఎలా?

యుద్ధం వస్తే సిమెంటు, ఇనుము, కలప ముందు సైన్యానికే వెళ్లాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాక మన తీరంలో ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. ప్రభుత్వం వర్తకుల దగ్గర సరుకు తీసుకోవడం మీద మాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాత వేసే లెక్క దగ్గరే.

1939 నాటి భారత రక్షణ చట్టాన్నే చూడండి. భూమి తీసుకున్నాక పరిహారం మీద ఒప్పందం కుదరకపోతే, హైకోర్టు జడ్జి కాదగ్గ అర్హత ఉన్న మధ్యవర్తిని వేయాలని 19వ సెక్షన్ చెప్పింది. మరి గోడౌన్లోని రేకులు, మేకులు తీసుకుంటే? ఆ చట్టం కింద చేసిన 75ఎ నిబంధన ప్రకారం పరిహారం ప్రభుత్వం నిర్ణయించినంత. స్థలం పోయినవాడికి మధ్యవర్తి, సరుకు పోయినవాడికి చేతిలో చీటీ.

కొట్టు గల్లా దగ్గర కూర్చుని చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. అప్పు తెచ్చి, రైలు కిరాయి కట్టి దించుకున్న జింకు రేకులకు కొన్న రేటు ఒకటి, ప్రభుత్వం ఖాయం చేసిన కంట్రోలు రేటు ఇంకొకటి. మళ్లీ అదే సరుకు తెచ్చుకోవాలంటే బయట రేటు వేరు. ఈ మూడింట్లో ఏది చేతికొస్తుందో తేలేదాకా వడ్డీ ఆగదు కదా!

వర్తకులంతా మచ్చలేనివాళ్లని మేం అనడం లేదు. సరుకు దాచి బ్లాకులో అమ్ముకున్నవాళ్లూ ఆ రోజుల్లో ఉన్నారు. వాళ్ల మీద కేసులు పెట్టాల్సిందే. బిల్లులు చూపించేవాణ్ని కూడా వాళ్లతో ఒకే గాటన కట్టడం అన్యాయం.

పైగా కంట్రోలు యుద్ధంతో పోదు. ఇనుము మీద అదుపు 1946 నాటి చట్టంలోకి, అక్కణ్నుంచి 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టంలోకి మారింది. సిమెంటు కంట్రోలు 1982లో సడలి, 1989లో గానీ పూర్తిగా పోలేదు. పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి ఇల్లు కట్టుకున్న పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు.

ఇదంతా పాత కథేమీ కాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం వనరులను, భవనాలను, వాహనాలను స్వాధీనం చేసుకునే అధికారం ఇస్తోంది. భవనానికి, బండికి పరిహారం ఎలా కట్టాలో, నచ్చకపోతే మధ్యవర్తి దగ్గరికి ఎలా వెళ్లాలో అందులో వివరంగానే ఉంది. సిమెంటు బస్తాలకు, టార్పాలిన్లకు అంత స్పష్టత లేదు. అందుకే మేం అడిగేది: తీసుకున్న రోజే సరుకు, బరువు, ధర రాసిన రసీదు ఇవ్వాలి. గడువు దాటితే వడ్డీ కట్టాలి. సరుకుకూ మధ్యవర్తి ఉండాలి. ధర ఎలా కట్టాలన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. ఒప్పందం కుదరక, కంట్రోలు ధరా లేకపోతే అమ్మిన రోజున ఆ ప్రాంతంలో ఉన్న మార్కెట్ రేటు ఇవ్వాలని నిత్యావసర సరుకుల చట్టం 3వ సెక్షన్లో ఎప్పుడో రాసి ఉంది. ఆ వాక్యాన్ని తెచ్చి విపత్తు చట్టంలో చేర్చడానికి కొత్త కమిటీ వేయనక్కర్లేదు.