ఆ పిల్లల జాబితా ఎక్కడ?

కొత్త రకం ఫ్లూ వచ్చి బడులు మూయాల్సి వస్తే, దివ్యాంగ పిల్లలకు చదువు, థెరపీ అందించే ప్రభుత్వ భవిత కేంద్రాలకు వచ్చే పిల్లల సంగతేమిటి? కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కలెక్టర్లు ముగ్గురినీ మేం అడుగుతున్నది ఇదే. బడి మూసిన మర్నాడు ఆ పిల్లల ఇంటికి ఎవరు వెళ్తారు? మూర్ఛ మందు అయిపోతే ఎవరు తెచ్చిస్తారు? జ్వరం వస్తే వాళ్లమ్మ ఎవరికి ఫోన్ చేయాలి? ఈ మూడింటికి జవాబు ఏదైనా ఫైల్లో రాసి ఉందా?

ఉండి తీరాలని చట్టం చెబుతోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం విపత్తుల్లో వీళ్లకు మిగతావారితో సమానంగా రక్షణ ఉండాలి. జిల్లాలోని దివ్యాంగుల వివరాలను జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ నమోదు చేసి పెట్టుకోవాలని, ముప్పు గురించి వాళ్లకు తెలియజేసే ఏర్పాటు చేయాలని కూడా ఆ సెక్షన్ విడమరిచి చెప్పింది. ఆ సంస్థకు అధ్యక్షులు కలెక్టరే. కరోనా లాక్‌డౌన్ పెట్టింది కూడా విపత్తు నిర్వహణ చట్టం కిందే కాబట్టి, ఫ్లూ మహమ్మారి విపత్తు కిందికి రాదని ఎవరూ తప్పించుకోలేరు. 2017 ఏప్రిల్ నుంచి ఈ చట్టం అమల్లో ఉంది. మరి ఆ జాబితా ఎక్కడుంది? అందులో బడి ఈడు పిల్లలు ఎంతమంది?

మా ఆందోళన 2020 నాటి ఆనవాయితీ గురించి. ఆ మార్చిలో బడులు మూతపడ్డాయి. ఏప్రిల్‌లో రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ కేసులు కర్నూలు జిల్లావే. పదో తరగతి పిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు చెప్పారు. మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు పంపారు. అవి మంచి పనులే, కాదనం. నవంబరు 2న బడులు తెరిచినప్పుడు ముందు 9, 10 తరగతులు, మిగతావి ఆ తర్వాత అన్నారు. లెక్కంతా తరగతుల్లోనే సాగింది. వారంలో రెండు మూడు రోజులు భవిత కేంద్రానికి వచ్చి ఫిజియోథెరపీ చేయించుకునే పాప ఆ లెక్కలో ఎక్కడ పడుతుంది? టీవీ పాఠం చెవులు వినపడని పిల్లాడికి ఏం చెబుతుంది? పెదవుల కదలిక చూసి మాట తెలుసుకునే పిల్లకు, మాస్కు కట్టుకున్న టీచరు మాట ఎలా తెలుస్తుంది? వీళ్ల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. ఆ తర్వాత అనేది ఎప్పుడో ఎవరూ చెప్పలేదు.

లెక్కల పాఠం పోతే మళ్లీ చెప్పుకోవచ్చు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో లేని బిడ్డకు నెలల తరబడి థెరపీ ఆగితే కండరాలు బిగుసుకుపోతాయి, కీళ్లు వంకర తిరుగుతాయి. నిన్నటిదాకా గోడ పట్టుకుని నిలబడిన పిల్ల మళ్లీ మంచం పాలవుతుంది. రోజూ ఒకే వేళకు లేచి, ఒకే ఆటోలో, ఒకే టీచరు దగ్గరికి పోవడానికి అలవాటుపడిన ఆటిజం పిల్లాడికి బడి హఠాత్తుగా మాయమైతే, ఎందుకు మాయమైందో చెప్పినా అర్థం కాదు. వాడు అరుస్తాడు, కొడతాడు, తల గోడకేసి బాదుకుంటాడు. ఆ టెన్షన్ అంతా ఇంట్లో ఒక్క తల్లి మీదే పడుతుంది.

ఫ్లూ ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా ఈ పిల్లలకే. 2009 స్వైన్ ఫ్లూ మహమ్మారిలో అమెరికాలో చనిపోయిన పిల్లల వివరాలు అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ తర్వాత పరిశీలించింది. అప్పటికే ఏదో ఒక ఆరోగ్య సమస్య ఉన్నవారిలో 64 శాతం మంది నరాలకు, మెదడుకు సంబంధించిన సమస్యలున్న పిల్లలేనని తేలింది. కారణం ఊహకు అందనిదేం కాదు. గట్టిగా దగ్గలేరు కాబట్టి కఫం లోపలే ఉండిపోతుంది. మింగడం సరిగా రాదు కాబట్టి అన్నం మెతుకో, నీళ్లో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం పెరిగితే ఫిట్స్ వస్తాయి. అన్నిటికీ మించి చాలామంది ఒళ్లు నొప్పులని నోటితో చెప్పలేరు. అన్నం వద్దనడం, ఊరికే చిరాకు పడటం, మత్తుగా పడుకోవడం, ఇవే వాళ్లు చెప్పే మాటలు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ బాగా పనిచేసేది లక్షణాలు కనపడిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే. ఆ గుర్తులు తల్లికి, ఆయాకు, ఏఎన్‌ఎంకు ముందే నేర్పి ఉండకపోతే ఆ 48 గంటలు జలుబేలే అనుకుంటూనే గడిచిపోతాయి.

దూరం పాటించండి, చేతులు కడుక్కోండి అని బోర్డు రాసి తగిలిస్తే సరిపోదు. అన్నం తినిపించాలి, బాత్రూముకు ఎత్తుకెళ్లాలి, చొంగ తుడవాలి. ఆయా ఎంత దూరంలో నిలబడి ఈ పనులు చేస్తుంది? ఆమెకు గ్లౌజులు, మాస్కులు ఇచ్చేదెవరు? ఆమెకే జ్వరం వస్తే ఆమె బదులు వచ్చేదెవరు? ఇక చేతులు కడుక్కోవడానికి నీళ్లు. అనంతపురం జిల్లాలో ఎండాకాలం ఊరి కుళాయిలోనే నీళ్లు రాని రోజులుంటాయి, బడి కుళాయి సంగతి చెప్పక్కర్లేదు.

కర్నూలు పడమటి మండలాల్లో ఇంకో చిక్కు ఉంది. కోసిగి, పెద్దకడబూరు వైపు ఊళ్ల నుంచి మిరపకాయల కోతకు గుంటూరుకు, కూలి పనులకు బెంగళూరుకు వలసపోతారు. నడవలేని బిడ్డను వెంట తీసుకుపోలేక అవ్వ దగ్గర వదిలిపోయే ఇళ్లున్నాయి. అలాంటప్పుడు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి తల్లిదండ్రులకు సమాచారం ఇచ్చామంటే కుదరదు. ఫోన్ గుంటూరులో ఉంటుంది, బిడ్డ కోసిగిలో ఉంటుంది.

ఇప్పుడు మహమ్మారి లేదు కదా, జనాన్ని భయపెట్టడమెందుకు, టీచర్లకు ఇప్పటికే యాప్‌ల భారం చాలదా అనేవాళ్లున్నారు. టీచర్ల భారం నిజమే, అందుకే ఈ పని వాళ్ల నెత్తిన కాక కలెక్టర్ల నెత్తిన పెట్టమంటున్నాం. భయం సంగతికొస్తే, 2025 ఫిబ్రవరిలో కర్నూలులోనే బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ మరుసటి నెలలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిపాప ఆ వైరస్‌తో చనిపోయింది. ఇప్పటికైతే అది మనిషి నుంచి మనిషికి తేలిగ్గా అంటుకునే జబ్బు కాదు. కానీ ఫ్లూ వైరస్ మారుతూనే ఉంటుంది, మారిన రోజున ముందుగా ఉత్తరం రాసి రాదు. కొత్త రకానికి టీకా తయారు కావడానికి 2009లో కూడా నెలలు పట్టింది. ఆ నెలలు ఎలా గడపాలన్నది ముందే రాసిపెట్టుకోవాలి.

అమెరికా విద్యాశాఖ 2020 మార్చిలోనే ఈ విషయం తేల్చి చెప్పింది. బడి మూసినా మామూలు పిల్లలకు ఏదో ఒక రూపంలో చదువు చెబుతుంటే, దివ్యాంగ పిల్లలకూ చెప్పి తీరాలి. అందకుండా పోయిన సేవలను తర్వాత ఎలా భర్తీ చేయాలో ఒక్కో బిడ్డ విషయంలో విడిగా నిర్ణయించాలి. అక్కడా అమలులో లోపాలున్నాయి. కానీ తర్వాత అన్న మాటకు అక్కడ కాగితం మీద ఒక అర్థం ఉంది. మనకు విద్యాహక్కు చట్టంలో 2012 సవరణతో తీవ్ర వైకల్యమున్న పిల్లలకు ఇంటి వద్దే చదువుకునే హక్కు వచ్చింది. ఇంటికెళ్లి చెప్పే ప్రత్యేక టీచర్లూ ఉన్నారు. అంటే బడి మూసిన రోజున ఏం చేయాలో తెలిసినవాళ్లు మన దగ్గర ముందే ఉన్నారు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి, ఏ బిడ్డకు ఏం కావాలో ఒక్కో పేజీ రాయించడానికి కోట్లు అక్కర్లేదు. ఫిట్స్ మందు పేరు, డోసు, రెండు నెలల నిల్వ, దగ్గర్లో ఉండే ఆశా కార్యకర్త నంబరు, అమ్మ లేకపోతే చూసుకునేదెవరు. ఆ పేజీ ఒకటి ఇంట్లో, ఒకటి ఊరి సచివాలయంలో, ఒకటి పీహెచ్‌సీలో ఉండాలి.

జాబితా చేయడం చేతకాదంటే మేం నమ్మం. వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్లు ఈ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ఏ ఇంట్లో ఎంత శాతం వైకల్యముందో, ఎవరికి నెలకు 6,000, ఎవరికి 15,000 పింఛను వెళ్తోందో దానికి తెలుసు. అనర్హులను ఏరివేస్తామని 2025లో మంచాన పడ్డవాళ్ల ఇళ్లకే డాక్టర్లను పంపి తనిఖీ చేయించింది. పింఛను కోసేందుకు దొరికిన అడ్రసు మందు ఇచ్చేందుకు దొరకదా? కలెక్టర్లు ముగ్గురూ వచ్చే జిల్లా సమీక్షలో ఆ జాబితా బల్ల మీద పెట్టాలి. లేకపోతే లేదని, చట్టం వచ్చి ఇన్నేళ్లయినా చేయలేదని ఆ తల్లుల ముందు ఒప్పుకోవాలి. ఈసారి కూడా తర్వాత చూద్దాం అంటే మాత్రం ఏ తేదీన చూస్తారో సంతకం పెట్టి చెప్పండి.