ఓటర్లను ఎంచుకునే హక్కు కార్పొరేటర్‌కి లేదా?

వార్డుల పునర్విభజన, అంటే వార్డుల హద్దులు మళ్లీ గీయడం, అనగానే అందరూ ఓటరు బాధే చెప్తారు. ప్రతి ఓటుకీ ఒకే విలువ ఉండాలి, వార్డుకీ వార్డుకీ జనాభాలో పెద్ద తేడా ఉండకూడదు, లేకపోతే కోర్టుకెళ్తాం అని ఒకటే గోల. మరి సిట్టింగ్ కార్పొరేటర్ సంగతేంటి? ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరింటి పెళ్లికి తప్పకుండా వెళ్లాలో, ఎవరి ఫోన్ ఎత్తకూడదో ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్న మనిషి దగ్గర్నుంచి బాగా తెలిసిన వీధులు లాక్కుని, ముక్కూ మొహం తెలియని వీధులు అంటగడితే ఆయన టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి?

నేను మాత్రం గీత గీసేవాళ్ల పక్షం. వాళ్ల కళ మనకు అర్థం కాలేదు, అంతే. చిన్న లెక్క చూడండి. 50 మంది ఓటర్లు, 10 మంది చొప్పున 5 వార్డులు. గొడుగు పార్టీకి 30 మంది, గంట పార్టీకి 20 మంది. గొడుగుకి 3 సీట్లు, గంటకి 2 వస్తాయని మామూలు మనిషి అనుకుంటాడు. కళాకారుడు అలా అనుకోడు. గొడుగు వాళ్లను 9 మంది చొప్పున రెండు వార్డుల్లో కుక్కేసి, మిగిలిన 12 మందిని మూడు వార్డులకు నలుగురేసి చొప్పున చెదరగొడతాడు. ఆ మూడింటిలో గంట వాళ్లు ఆరుగురేసి. ఇప్పుడు 20 మందే ఉన్న గంటకి 3 సీట్లు. ఒక్క దొంగ ఓటు లేదు, పైసా పంచలేదు, ప్రతి వార్డులోనూ సరిగ్గా పదిమందే. సమానత్వం కావాలన్నారు, ఇచ్చారు కదా!

పూర్వం ఇంత నైపుణ్యం కూడా అక్కర్లేదు, పాత గీతల జోలికి పోకపోతే చాలు. ఇంగ్లండ్‌లో ఓల్డ్ సేరం అనే చోటు జనం ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయినా 1832 దాకా ఇద్దరేసి ఎంపీలను పంపుతూనే ఉంది. అదే కాలంలో మిల్లులతో కిటకిటలాడుతున్న మాంచెస్టర్‌కి సొంత ఎంపీ లేడు. అమెరికాలోని టెక్సస్‌లో మన జిల్లా లాంటి మిడ్లాండ్ కౌంటీ పంపకం ఇంకా ముచ్చటైనది: నాలుగు భాగాలు, భాగానికో ఎన్నికైన కమిషనర్, నగరం దాదాపు మొత్తం ఉన్న భాగంలో 67,906 మంది, తక్కిన మూడింటిలో 852, 414, 828. 414 మందే అంటే ఆ కమిషనర్ అందరి పుట్టినరోజులూ గుర్తు పెట్టుకోవచ్చు. ఇంతటి ఆత్మీయ పాలనను 1968లో అమెరికా సుప్రీంకోర్టు పాడు చేసింది, స్థానిక సంస్థల్లోనూ జనాభా సమానంగా ఉండాలంది. మేం చూసేది ఎక్కువగా పల్లె రోడ్లే కదా అని కౌంటీ వాళ్లు మొత్తుకున్నా వినలేదు. రోడ్లకు ఓటు హక్కు లేకపోవడం వల్ల వచ్చిన తిప్పలివి.

జనాభా సమానమైతే న్యాయం జరిగిపోయినట్టే అనుకునేవాళ్లు అయోవా రాష్ట్రంలోని అనమోసా సంగతి తెలుసుకోవాలి. అక్కడ ఒకప్పుడు ఒక వార్డులో సుమారు 1,400 మంది ఉండేవాళ్లు. కాగితం మీద ఏ తప్పూ లేదు, కాకపోతే వాళ్లలో దాదాపు 1,300 మంది జైల్లో ఉన్న ఖైదీలు, ఓటు లేనివాళ్లు. 2005లో ఆ వార్డు నుంచి రెండంటే రెండు ఓట్లతో ఒకాయన కౌన్సిల్‌కి ఎన్నికయ్యాడు. ఆయన పోటీలో కూడా లేడు, ఇద్దరు బ్యాలెట్ మీద ఆయన పేరు రాశారు (అక్కడ అలా రాసినా ఓటు కిందే లెక్క), గెలిచాడు! వార్డు జనం ఊరు విడిచి పోరు, కుళాయిలో నీళ్లు రావట్లేదని అర్ధరాత్రి తలుపు కొట్టరు, కొట్టాలన్నా వాళ్ల తలుపులు తెరుచుకోవు. ఏ కార్పొరేటర్‌కైనా ఇంతకంటే ఏం కావాలి?

ముసాయిదా మ్యాపు బయటికి రాగానే పుట్టుకొచ్చే అనుబంధాలు మరీ చూడముచ్చటగా ఉంటాయి. బండి ఎక్కడ పెట్టాలన్న గొడవతో ఏళ్లుగా మాటల్లేని రెండు వీధుల వాళ్లు “తరతరాల బంధం, మమ్మల్ని విడదీయొద్దు” అంటూ ఒకే అర్జీ మీద సంతకాలు చేస్తారు. (ఆ అర్జీ ఎవరు టైప్ చేయించారని అడిగితే మర్యాదగా ఉండదు.) స్వతంత్ర కమిషన్ వెయ్యాల్సిందేనని గొంతు చించుకునేది ఎప్పుడూ ఓడినవాళ్లే. గెలిచిన మర్నాటి నుంచి వాళ్లకూ అదే మ్యాపులో శాస్త్రీయత కనిపిస్తుంది. కంప్యూటర్‌తో గీయిస్తే పోలా అనేవాళ్లూ ఉన్నారు పాపం, దేన్ని చూసి గియ్యాలో దానికి చెప్పేది ఎవరో ఆలోచించరు.

అందుకే ఈ దాగుడుమూతలు వద్దు, నేరుగా ఓటర్ల ఎంపిక పెట్టేద్దాం. నోటిఫికేషన్ ఇచ్చిన రోజున ఓటర్లు గుర్తింపు కార్డు, గత మూడు ఎన్నికల్లో తమ మొగ్గు తెలిపే స్వీయ ధ్రువీకరణతో కార్పొరేటర్ ఎదుట హాజరు కావాలి. ఆయన నచ్చినవాళ్లను ఉంచుకుంటాడు, అనుమానం ఉన్నవాళ్లను పక్క వార్డుకి సిఫారసు చేస్తాడు. ఎవరికీ అక్కర్లేనివాళ్లు, అంటే పని చేస్తేనే ఓటేస్తామనే రకం, వెయిటింగ్ లిస్టులో ఉండి వచ్చే జనాభా లెక్కల తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఈలోగా వాళ్లకు వార్డు ఉండదు, కార్పొరేటర్ ఉండడు. ఇంటి పన్ను మాత్రం మామూలుగానే కట్టాలి, ఆలస్యమైతే వడ్డీతో సహా.