గోడ మీది పచ్చదనమంతా పాచి కాదండీ

గోడల మీది పచ్చదనం గురించి మీరు వేసిన వ్యాసంలో, పచ్చగా కనిపించేదాన్నంతా ‘పాచి’ అని ఒకే గాటన కట్టేశారు. కాలు పెడితే జర్రున జారేలా జిగటగా ఉండేది పాచి. ముఖమల్ గుడ్డలా మెత్తగా ఉండి, దగ్గరికెళ్లి చూస్తే బుల్లిబుల్లి ఆకులు కనిపించేది మాస్ అనే చిన్న మొక్క.

మా పెరట్లో పాత బావి గట్టు ఇటుకల సందుల్లో ఏటా వానలకి ఫ్యునేరియా అనే మాస్ వస్తుంది. ఇంటర్ బోటనీలో చదివిందే. చెత్త తగలబెట్టిన చోట, పూలకుండీల మట్టిలో కూడా మొలుస్తుంది. రెండు మూడు సెంటీమీటర్ల ఎర్రటి సన్న కాడ, దాని కొసన తల వంచుకున్న బేరిపండు లాంటి గుళిక (సిద్ధబీజాలుండే సంచి). ఇక పొరబడే పనే లేదు. ఎండిన కాడను వేళ్ల మధ్య పట్టుకుని నోటి ఆవిరి తగిలించండి, మెల్లగా మెలి తిరుగుతుంది! దీని శాస్త్రీయ నామం ఫ్యునేరియా హైగ్రోమెట్రికాలో ‘హైగ్రోమెట్రికా’ అన్న మాట ఆ తేమ గుణం వల్లే వచ్చింది. మా పాప దీన్ని ఎన్నిసార్లు చేసిందో.

సిమెంటు పగుళ్లలో వెండి రంగులో మెరిసేది వేరు, అది బ్రయం అర్జెంటియం అనే మరో మాస్. ఆకు కొసల్లో పత్రహరితం లేకపోవడం వల్ల ఆ తెలుపు.

వ్యాసంలోని ‘దీని వేళ్లు గోడను చీలుస్తాయి’ అన్న వాక్యం దయచేసి సరిచేయండి. మాస్‌కి అసలు వేళ్లే ఉండవు, పట్టు కోసం రైజాయిడ్లు అనే సన్నటి పోగులు మాత్రమే ఉంటాయి.